అయిదో ఇంటి గోడ మీద అద్దం

గోడకు బీట పడితే దాని మీద అద్దం ముక్క అతికించి కాపలా కాసేవాళ్లమని చెబితే ఈ కాలం ఇంజనీరు పిల్లలకు నవ్వొస్తుంది. నవ్వండి, నాకేం పోయింది? మా రోజుల్లో అదే యంత్రం, అదే తంత్రం. బీటకు అటొక ముద్ద, ఇటొక ముద్ద సిమెంటు పెట్టి, సన్నని అద్దం ముక్కను అడ్డంగా అతికిస్తాం. పక్కనే గోడ మీద పెన్సిలుతో తారీఖు రాస్తాం. గోడ కదలకపోతే అద్దం అలాగే ఉంటుంది. వెంట్రుకవాసి కదిలినా పటుక్కుమంటుంది. అద్దం అబద్ధం చెప్పదని మా సీనియర్లు పాఠం చెప్పినట్టు చెప్పేవారు. నిజమే, చెప్పదు. నేను చెప్పబోయే సంగతిలో అద్దమే కాదు, ఎవరూ అబద్ధం చెప్పలేదు. అయినా ఒక పిల్ల చచ్చిపోయింది.

ఎనభైల మొదట్లో మాట. బిల్డింగ్సు సెక్షన్‌లో ఓవర్సీరుగా నన్ను భద్రాచలం వేశారు. రాములవారి సన్నిధిలో ఉద్యోగం, పెట్టి పుట్టావురా అన్నారు చుట్టాలు. ఆ భాగ్యం వానాకాలం రాగానే చలిజ్వరం రూపంలో నన్ను పలకరించి పోతూండేది. అడవి బెల్టుకు బదిలీ అంటే ఎవరికో కోపం వచ్చిందనే లెక్క. నా మీద ఎవరికి కోపమొచ్చిందో ఇప్పటికీ తెలియదు.

పర్ణశాల పోయే దారిలో, గోదావరికి కాస్త ఎడంగా, టేకుచెట్ల మధ్య ఒక ఇళ్ల బారు ఉండేది. ఏడిండ్ల బంగ్ల అనేవాళ్లు జనం. రోడ్డు మీంచి చూస్తే ఒకే ఒక పెద్ద మహలు. దగ్గరికి పోతే ఏడు తలుపులు, ఏడు సంసారాలు. నదిలో పడవలు నడిచిన కాలంలో ఎవరో తెల్ల ఇంజనీరు తన కింది నౌకర్ల కోసం కట్టించాడట. సొంత ఊరి మీద బెంగతో కట్టి ఉంటాడని మా పై ఇంజనీరు డీఈ గారి ఊహ. వాళ్ల దేశంలో జార్జి పేరున్న రాజులు ఒకడి వెనక ఒకడు ఏలిన రోజుల్లో పట్నాల్లో ఇళ్లు ఇలాగే, భుజం భుజం ఆనించి, బారుగా కట్టేవారని ఆయన ఒక బొమ్మ తెచ్చి చూపించారు. బొమ్మలో వాన, పొగమంచు, గుర్రబ్బండి. మా దగ్గర గుర్రబ్బండి బదులు మేకలు.

నేను ఎన్నో క్వార్టర్లు కట్టాను. నిజం చెప్పాలంటే అన్నీ అగ్గిపెట్టెలే. ఈ బారు మొదటిసారి చూసినప్పుడు మాత్రం జీపు దిగి చాలాసేపు నిలబడిపోయాను. ప్రతి తలుపు నెత్తిన విసనకర్ర విప్పినట్టు అరచక్రం అద్దాల కిటికీ. కింది అంతస్తు కిటికీలు ఎత్తుగా, పైవి పొట్టిగా, అన్నీ తాడు పట్టి గీసినట్టు ఒకదాని మీద ఒకటి. వాటి రెక్కలు పక్కకు తెరుచుకోవు. గోడలో దాచిన ఇనపగుండు బరువుకు పైకీ కిందికీ జరుగుతాయి. నడిమి ఇంటికి మాత్రం ముక్కోణపు శిఖరం, పెళ్లికొడుక్కి బాసికం కట్టినట్టు. నాపరాళ్ల మెట్లు రెండేసి. గచ్చు సున్నం ఎంత నున్నగా ఉండేదంటే చెంప ఆనించబుద్ధయ్యేది. ఎక్కడా అనవసరమైన పువ్వు లేదు, చిలక లేదు. కొలతే దాని అందం.

అందంతో పాటు పిచ్చి కూడా ఉంది. పెంకుల కప్పు రోడ్డుకు కనబడితే పరువు తక్కువని దొర దాన్ని పిట్టగోడ వెనక దాచేశాడు. కప్పు మీది వాననీళ్లన్నీ ఆ పిట్టగోడ వెనకున్న సన్న కాలువలోకి దిగి, అక్కణ్ణుంచి గొట్టాల్లోకి పోవాలి. వాళ్ల దేశంలో పోతాయేమో. ఇక్కడ టేకాకులు రాలితే ఒక్కొక్కటి విస్తరంత. కాలువ పూడిపోతుంది, నీళ్లు గోడలు తాగుతాయి.

అంతకన్నా పెద్ద పిచ్చి, ఇంటింటికీ గోడలో ఒక చలిపొయ్యి! రోహిణి కార్తెలో కాకులు కూడా నోరు తెరుచుకుని కూర్చునే దేశంలో చలి కాచుకోను పొయ్యి! రెండిళ్లకూ నడుమనున్న ఉమ్మడి గోడలో ఇటొక పొయ్యి, అటొక పొయ్యి, వీపులు ఆనించి. రెండు పొగగూళ్లూ గోడ కడుపులోంచి మేడ దాటి, కప్పు దాటి, పైన ఒకే లావుపాటి ఇటుకల దిమ్మెగా లేచేవి. ఆ దిమ్మె బరువంతా కింద పొయ్యి అంచుల మీదే.

మనవాళ్లు చలిపొయ్యిని ఏం చేసుకుంటారు? దేవుడి గూడు చేశారు, ఉప్పూ పప్పూ పెట్టుకునే అర చేశారు. నాలుగో ఇంట్లో ఎప్పుడో కాపురమున్న మహానుభావుడు బీరువా పట్టడం లేదని పొయ్యినీ దాని పక్కగోడనూ నిలువునా కొట్టేయించాడు. పైనున్న ఇటుకల దిమ్మెలో సగం ఆ రోజు నుంచి గాలిలో నిలబడి ఉంది. దిమ్మె మొత్తం బరువును అయిదో ఇంటి పొయ్యి ఒక్కటే మోస్తోంది. ఈ సంగతి ఏళ్లపాటు ఎవరికీ తెలియదు. సున్నం కొట్టిన గోడ ఏ రహస్యాన్నయినా దాచేస్తుంది.

నాకు తెలిసింది అయిదో ఇంటి గోడకు బీట పడ్డాక. ఆ ఇంట్లో మా ఆఫీసు జీపు డ్రైవరు ఉండేవాడు. గోదావరికి అవతల బూర్గంపాడు వైపు మనిషి. మాట తక్కువ, పని చక్కన. వాడి తల్లి, పెళ్లాం, అంతే సంసారం. పెళ్లాం తల్లిలేని పిల్ల, అప్పుడు నిండు చూలాలు. పొగగూటి పక్కన నిలువుగా దిగిన బీటను వాడే నాకు చూపించాడు.

మా మేస్త్రిని వెంటబెట్టుకుని నాలుగో ఇంట్లోకి పోయాను. మేస్త్రి బీరువా జరిపించి, పైకి చూసి, “అమ్మో, సార్” అన్నాడు. ఆ మనిషి నోట ‘అమ్మో’ వినడం అదే మొదలు. ఆ రోజే నాలుగో ఇల్లు ఖాళీ చేయించి, దిమ్మె కింద టేకు దుంగలు ఊతంగా నిలబెట్టించాం.

డీఈ గారు వచ్చి చూశారు. కోస్తా మనిషి, మంచివారే, కానీ పైవాళ్లంటే భయం.

“బారు మొత్తం పీకెయ్యాలోయ్. ఒక్క ఇల్లు పీకితే కుదరదు” అన్నారు.

“అవును సార్. బస్సు సీట్లో ఇరుక్కుని కూర్చున్నట్టున్నాయి. ఒకడు లేస్తే మిగతా వాళ్లు ఒరుగుతారు.”

“పీకడానికి సాంక్షన్ రావాలి. వాళ్లకి వేరే కొంపలు చూడాలి. వానలు వెళ్లేదాకా ఏ పనీ కదలదు. నువ్వు అద్దాలు పెట్టు. పగిలాయా, ఆ పూటే అయిదో ఇల్లు ఖాళీ చేయించెయ్. నన్ను అడగద్దు కూడా. అన్నట్టు, లోపలివాళ్లకి ఈ గొడవంతా చెప్పకు. ఏడిళ్ల వాళ్లూ కలెక్టరాఫీసు ముందు కూర్చుంటారు.”

మా డిపార్టుమెంటుకున్న జబ్బే అది. గోడ సంగతి గోడకు తెలుసు, మాకు తెలుసు, దాని కింద పడుకునేవాళ్లకు తెలియకూడదు.

బీట మీద అద్దం పెట్టింది నేనే. మేడమీద గదులు మెట్లు పుచ్చి మూతపడి ఉండేవి. అక్కడి కిటికీల్లోంచి ఒక పాత పలక తెచ్చి, ముక్కలు కోశాను. నోటితో ఊది చేసిన పాతకాలం అద్దం, నీళ్లలా అలలు అలలుగా ఉండేది. నేను అతికిస్తుంటే డ్రైవరు తల్లి వెనక నిలబడి చూసింది.

“గిదేంది సారూ?”

“సర్కారు పని అవ్వా. దాన్ని కదిలించొద్దు.”

“అవ్, నాకెందుకు? సర్కారోళ్లు ఊకెనే పెడ్తరా” అని తలూపింది. నేను చేతులు కడుక్కుని వచ్చేశాను.

ఆ ముసలామె గురించి ఒక మాట చెప్పాలి. కోడలి మీద గయ్యాళితనం చేసే అత్తలను చాలామందిని చూశాను గానీ ఈమెది వేరే తీరు. కోడలికి తల ఆమే దువ్వేది. “తల్లి లేని పోరి సారూ. తొలి కాన్పుకు తల్లిగారింటికి పోదామంటె ఎవలున్నరు? తల్లినైన అత్తనైన నేనే” అనేది. ఆ పిల్ల కూడా “అత్తమ్మా” అని పిలిస్తే అందులో ‘అమ్మ’ ఒక్కటే వినిపించేది.

వానలు మొదలయ్యాక ఆ పిల్లకు ఆడపిల్ల పుట్టింది. దవాఖానా నుంచి ఇంటికి తెచ్చారు. మన దగ్గర బాలింతకు వెచ్చదనం కావాలి, కుంపటి కావాలి, గాలి తగలకూడదు. ఆ బారులో దొర కట్టిన చలిపొయ్యిల్లో పొగ చక్కగా పైకి పోయేది ఒక్క అయిదో ఇంట్లోనే. అందుకే ఆ బారులో ఎవరు కన్నా బాలింత మంచం ఆ గదిలోనే వేసేవారు, పొయ్యి పక్కనే, గోడకు ఆనించి. నూరేళ్ల కింద ఒక తెల్లవాడి బెంగ మన బాలింతలకు అలా అక్కరకొచ్చింది. ఈసారి మంచం పడింది అద్దం కిందనే.

మంచం ఇంకో గదిలో వేసుకోమని డ్రైవరుతో అన్నాను. వాడు తల్లిని అడిగాడు. “ఆ అర్రలు చెమ్మ, పసిదానికి సలి వెడ్తది” అందామె. అదీ నిజమే, మిగతా గదుల గోడలు నీళ్లు కారుతున్నాయి. అద్దం బాగుంది కదా అని నేనూ ఊరుకున్నాను.

ఇక్కడే చిక్కు. బాలింత గదిలోకి పరాయి మగవాడు పోడు. పురుడు వెళ్లేదాకా నేనే కాదు, డీఈ గారు వచ్చినా గడప దాటడానికి వీల్లేదు. మీరు ఇప్పుడు అంటారు, ప్రాణం ముఖ్యమా పురుడు ముఖ్యమా అని. నలభై ఏళ్ల తర్వాత మా అందరికీ ఆ తెలివి వచ్చింది. అప్పుడు మాత్రం నేను మెట్ల దగ్గర నిలబడి అడిగేవాణ్ణి.

“అవ్వా, లోపల అద్దం ఎట్లుంది? పగిలిందా?”

ముసలామె లోపలికి పోయి చూసి వచ్చేది. “లే సారూ, మంచిగనే ఉన్నది.”

నేను ఆఫీసుకొచ్చి, కదలిక లేదు అని రాసేవాణ్ణి. ఒకసారి కాదు, వచ్చినప్పుడల్లా.

ఆ ఏడు ముసురు పట్టిందంటే వదల్లేదు. గోదావరి ఒడ్లు మింగింది. చండ్రుగొండ రోడ్డు మీద వాగులు పొంగి మా జీపు ఒక ఊళ్లో చిక్కుబడితే, డ్రైవరు జామకాయలు కొని దాచుకుని, “బాలెంతలు తినొచ్చునా సార్?” అని నన్ను అడిగాడు. నాకేం తెలుసు! మీ అమ్మను అడగరా అన్నాను. వాడు సిగ్గుపడి నవ్వాడు. వాడు నవ్వగా నేను చూసింది అదే ఆఖరు.

వాన తెరిపిచ్చి ఎండ కాసిన రోజు పొద్దున్నే మేస్త్రినీ నన్నూ ఎక్కించుకుని డ్రైవరు ఏడిళ్ల బారుకు వచ్చాడు. పిట్టగోడ వెనక కాలువలో ఆకులు తీయించాలని నా ఉద్దేశం. తెలియని వాళ్లు వానలో గోడలు కూలతాయనుకుంటారు. నానిన గోడ ఎండ తగిలి ఆరేటప్పుడే మహా పాపిష్టిది.

బారు ముందు పండగలా ఉంది. ఆరిళ్ల వాళ్లూ బట్టలు, బొంతలు, వడ్లు ఎండకు పరిచారు. ముసలామె అయిదో ఇంటి ముందు మెట్ల కింద కాళ్లు చాపుకుని, కాళ్ల మీద మనవరాలిని వేసుకుని నూనె రుద్దుతోంది. పసిపిల్ల ఎండకు కళ్లు చికిలించి కేర్ కేర్‌మంటోంది.

“కోడలేదవ్వా?”

“ఇప్పుడే తానం బోసిన సారూ. సాంబ్రాణి ఏస్కోని ఎంట్రుకలు ఆరవెట్టుకుంటున్నది.”

“అద్దం?”

“పొద్దుగాల్నే చూసిన. గీత గూడ లేదు.”

సరే అనుకున్నాను. మేస్త్రి నిచ్చెన వేశాడు. డ్రైవరు జీపులోంచి జామకాయలు తీసుకుని మెట్ల వైపు వస్తున్నాడు. అప్పుడు వినిపించింది. గోడ కడుపులో ఎవరో జొన్నలు ఒంపుతున్నట్టు సన్నటి చప్పుడు, ఆగకుండా. మేస్త్రి నిచ్చెన మీంచి దూకి, “బయటికి రాండ్రి! బయటికి!” అని అరిచాడు.

“వస్తున్న” అంది లోపల్నుంచి ఆ పిల్ల. ఎందుకు పిలుస్తున్నారో తెలియని మనిషి గొంతు. తడి వెంట్రుకలు ముడేసుకుంటూ ఉండి ఉంటుంది.

పైనున్న ఇటుకల దిమ్మె నిలువునా లోపలికి దిగిపోయింది. మేడ నేలను తీసుకుని, బాలింత గదిని తీసుకుని కిందికి వచ్చేసింది. ముందరి ముఖం మాత్రం చెక్కుచెదరలేదు. తలుపు పైని విసనకర్ర కిటికీలోంచి సున్నం దుమ్ము పొగలా వచ్చింది. దాని అద్దాలు ఒక్కటీ పగల్లేదు.

డ్రైవరు చేతులతో తవ్వాడు. మేమందరం తవ్వాం. చుట్టుపక్కల గూడేల నుంచి కూడా మనుషులు పరుగెత్తుకొచ్చారు. అయిపోయిన పని అని మొదటి గడియలోనే నాకు తెలుసు. అయినా ఎవరూ ఆపమనలేదు. ఇంతకన్నా దాని గురించి నేను రాయను.

మర్నాడు అంత్యక్రియలు అయ్యాక మేస్త్రి, నేను ఆ శిథిలం ముందు నిలబడి ఉన్నాం. ముసలామె పసిపిల్లను ఎత్తుకుని నా దగ్గరికి వచ్చింది. తిడుతుందని అనుకున్నాను. తిట్టినా బాగుండేది.

“సారూ, నేనేం తక్కువ జేసిన?” అంది.

“నువ్వేం చేస్తావవ్వా...”

“బాలెంత ఉన్న అర్రల పగిలిన అద్దం ఉంటె అరిష్టం గద. మీ సర్కారు రక్ష ముసుర్ల పగిలింది. ఎంటనే తీసి గోదాట్ల ఏసొచ్చిన. మ్యాడ మీద కిటికీది, నువ్వు కోసినట్టే కోసి, సున్నం బెల్లం గలిపి మల్ల అతికిచ్చిన. అది గూడ పగిలె. మల్ల మార్చిన. మొన్న రాత్రి గూడ పగిలింది, తెల్లారెటాలకు కొత్తది పెట్టిన. పోరికి చెప్పలే, బెదురుకుంటదని. పగిలింది ఒక్క పూటన్న ఉంచలే సారూ. మరి గిట్లెందుకయింది?”

 గోడ పిలిచింది. పిలిచినప్పుడల్లా ఈమె ఆ పిలుపును తీసి గోదాట్లో వేసింది, కోడలికి మంచి జరగాలని.

మేస్త్రి నోరు తెరవబోయాడు. నేను వాడి చెయ్యి పట్టుకున్నాను.

“నువ్వేం తక్కువ చేయలేదవ్వా. పాత గోడ. దాని ఆయుష్షు తీరింది” అన్నాను.

ఎంక్వయిరీ జరిగింది. హైదరాబాదు నుంచి వచ్చిన పెద్దాయన నేను రాసినవన్నీ ముందు పెట్టుకుని అడిగాడు. “ప్రతిసారీ కదలిక లేదని రాశారు. గోడ ఒక్కసారిగా, చెప్పాపెట్టకుండా కూలిందంటారా?”

“అద్దం పగల్లేదని తెలిసింది సార్. అదే రాశాను.”

“మీరు కళ్లారా చూశారా?”

“బాలింత గది సార్. బయటి నుంచి అడిగాను.”

“ఎవరిని అడిగారు?”

డ్రైవరు అక్కడే గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. వాడి గడ్డం మాసి ఉంది. “ఇంట్లో వాళ్లను” అన్నాను. ఏమన్నారు అని ఆయన అడిగితే ఏం చెప్పేవాణ్ణో నాకు తెలియదు. ఆయన అడగలేదు. విసుక్కుని పెన్ను మూత పెట్టేశాడు. డ్రైవరు మాత్రం తనంతట తానే ముందుకొచ్చి, “సార్ వచ్చినప్పుడల్ల అడిగిండు. మా సార్ తప్పేం లేదు” అన్నాడు. నన్ను సస్పెండు చేసినప్పుడు కూడా అంత బాధ పడలేదు.

బయటికొచ్చాక మేస్త్రి నిలదీశాడు. “ఉన్నది ఉన్నట్టు చెప్తె మీ నౌకరి నిలబడు గద సార్.”

“నా నౌకరి నిలబడితే ముసల్ది నిలబడదురా.”

ఇదేదో త్యాగమని చప్పట్లు కొట్టకండి. నా మౌనం వల్ల పోయిన పిల్ల లేచిరాలేదు. మీలో ఈ పని చేసేవాళ్లుంటే ఒక్కటి గుర్తుపెట్టుకోండి. గోడకు ఏ యంత్రం తగిలించినా, ఆ గోడ పక్కన పడుకునే మనిషికి అదేమిటో, అది పగిలితే ఏం చేయాలో, చంటిపిల్లకు చెప్పినట్టు చెప్పండి. పైవాడు వద్దన్నా చెప్పండి. నాకు పది మాటలు చాలేవి. వాటి బదులు సర్కారు పని అన్నాను.

తర్వాత మిగిలిన వాళ్లనూ ఖాళీ చేయించి బారంతా పీకేశారు. పీకేటప్పుడు నేను లేను, సస్పెన్షన్ ఎత్తేసి వేరే జిల్లాకు వేశారు. ఆ ఇటుకలు రోడ్డు కింద పరిచారని విన్నాను. ముక్కోణపు శిఖరం పడేయడానికి చాలా తిప్పలు పడ్డారట. అంత గట్టిగా కట్టాడు దొర.

కొన్నేళ్లకు ఏదో పని మీద భద్రాచలం పోతే, బస్టాండులో డ్రైవరు కనబడి చెయ్యి పట్టుకుని వదల్లేదు. గోదావరి దాటించి బూర్గంపాడులో తన ఇంటికి తీసుకుపోయాడు. సిమెంటు ఇటుకల కొత్త ఇల్లు, పైన రేకులు. మళ్లీ పెళ్లి చేసుకోలేదు. పిల్ల బడికి పోతోంది, పలకకు అట్ట వేసుకుంటోంది. తల్లి పోలికే. ముసలామెకు చూపు మందగించింది. నా గొంతు విని గుర్తుపట్టింది.

“మన సారే బిడ్డా. దండం పెట్టు” అంది మనవరాలితో. ఆ పిల్ల పెట్టింది.

అన్నం తిన్నాక చెయ్యి కడుక్కుని లేస్తూ చూశాను. పిల్ల పడుకునే మంచం పైన, గోడ మీద, అడ్డంగా ఒక అద్దం ముక్క. అలలు అలలుగా ఉన్న పాత అద్దం. రెండు వైపులా సున్నం బెల్లం ముద్ద.

“బారు పీకెటప్పుడు అడుక్కొచ్చుకున్న సారూ” అంది ముసలామె. “అప్పుడు నేను అతికిచ్చింది సరిగ్గ లేదేమో. ఈసారి మంచిగ పెట్టిన. రోజు తడిమి చూస్త.”

డ్రైవరు నా వైపు చూసి, ముసలితనం సార్ అన్నట్టు చిన్నగా తలూపాడు. వాడికి ఇప్పటికీ తెలియదు.

నేను మంచమెక్కి, అద్దం చుట్టూ గోడనంతా అరచేత్తో తడిమాను. వేళ్లతో కొట్టి విన్నాను. ఆ పిల్ల అట్ట వేసుకోవడం ఆపి నన్నే చూస్తోంది. మూలలు చూశాను, రేకుల కింద చూశాను, బయటికి పోయి వెనక వైపు కూడా చూసి వచ్చాను. ఎక్కడా బీట లేదు.

“ఎట్లున్నది సారూ?” అంది ముసలామె.

“మంచిగనే ఉన్నదవ్వా” అన్నాను. బీట కనబడి ఉంటే ఆ రోజు ఆమెకు అంతా చెప్పాల్సి వచ్చేది.